అత్తగారింటి గీజరు

మా అత్తగారింట్లో గీజరు ఆగి ఆగి పనిచేస్తోందన్న సంగతి ఆ ఇంట్లో అందరికన్నా చివర తెలిసింది నాకే. దాన్ని కొని పెట్టించింది మాత్రం నేను.

మార్గశిరం చలి. ఆ రోజు ఎందుకో మామూలుకన్నా ముందే మెలకువ వచ్చింది. మొహం కడుక్కుందామని దొడ్డివైపు వెళితే పొయ్యి మండుతోంది. దాని మీద పెద్ద కాగు. మా అత్తగారు ఆ కాగులోంచి వేణ్ణీళ్ళు దబరలో ముంచుకుని, చీర ఎగదోపుకుని, తొణక్కుండా అడుగులో అడుగేసుకుంటూ స్నానాలగదిలోకి వెళ్ళారు. నేను గుమ్మం దగ్గర ఆగి చూశాను. ఆ నీళ్ళు నా బకెట్లో పోసి, వేలు ముంచి చూసి, తర్వాత గీజరు స్విచ్చి వేశారు. ఎర్రదీపం వెలిగింది. వెనక్కి తిరిగి నన్ను చూసి ఉలిక్కిపడ్డారు.

"గీజరు పనిచేయడం లేదా అత్తా?" అన్నాను.

పెళ్ళయిన నాటి నుంచీ ఆవిడ నాతో నేరుగా మాట్లాడింది తక్కువ. ఏం చెప్పాలన్నా కూతురి మీద పెట్టి చెబుతారు. అప్పుడూ అంతే. వంటింటి వైపు తిరిగి, "ఏమ్మే, ఆయనకి చెప్పు. గీజరు బాగానే ఉండాది. చలికాలం గదా, నీళ్ళు చాలవేమోనని నేనే ఒక దబర కలిపినా" అన్నారు.

నా భార్య చేతిలో పాలగిన్నెతో వచ్చింది. తల్లి మొహం చూసింది, నా మొహం చూసింది. అంతలో దీపం ఆరిపోయింది. ముగ్గురం తలెత్తి దాని వంకే చూస్తున్నాం. కాసేపటికి దానంతటదే మళ్ళీ వెలిగింది. ఇంకాసేపటికి మళ్ళీ ఆరింది. పంపు తిప్పి చెయ్యి పెడితే నీళ్ళు చేపలబుట్టలో ఐసు కరిగినట్టు చల్లగా వస్తున్నాయి.

"ఎప్పట్నుంచి ఇట్టా?" అని భార్యను అడిగాను.

"ఇప్పుడెందుకులెండి. స్నానం చేయండి, నీళ్ళు చల్లారిపోతాయి" అంది.

ఆ నీళ్ళతోనే స్నానం చేశాను. ఆ ఇంటికి వచ్చినప్పటి నుంచి నేను ఒంటిమీద పోసుకున్న వేణ్ణీళ్ళన్నీ ఆ ముసలావిడ దొడ్లోంచి మోసినవేనేమోనని చెంబు చెంబుకీ అనిపిస్తోంది. వేణ్ణీళ్ళ స్నానంలో కూడా సిగ్గుతో ఒళ్ళు ముడుచుకుపోవడం అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది.

నేను పుట్టింది సంగంలో. పెన్న నీళ్ళు తాగి పెరిగినవాణ్ణి. చదువు డిగ్రీ మధ్యలో ఆగిపోయాక సముద్రం ఒడ్డున రొయ్యపిల్లల హేచరీలో చేరాను. తొట్లలో ఉప్పునీళ్ళు పట్టి, రొయ్యగుడ్లను పొదిగించి, వచ్చిన పిల్లలను చెరువుల రైతులకు అమ్మే చోటు అది. అక్కడ నా పని నీళ్ళు చూడటం. చలికాలంలో తొట్ల నీళ్ళు వెచ్చదనం తగ్గితే పిల్లలు మేత ముట్టవు. ఎక్కువైతే చచ్చి తేలిపోతాయి. హీటర్లు, బాయిలరు, వాటి పైపులు అన్నీ నా చేతికిందే ఉండేవి. అరచెయ్యి తిప్పి వెనకవైపు నీళ్ళకు ఆనిస్తే వేడి ఎంతుందో చెప్పగలిగేవాణ్ణి. నిజానికి నేను మేనేజర్ని కాను గానీ పనివాళ్ళూ రైతులూ మేనేజరు గారు అనేవాళ్ళు. నేనూ కాదనలేదు.

ఆ మంచి రోజుల్లోనే అత్తగారింట్లో గీజరు పెట్టించాను. వాళ్ళ ఊరు గూడూరు నుంచి సముద్రం వైపు వెళ్ళే దారిలో ఉంటుంది. ఆ వీధిలో అదే మొదటి గీజరు. గూడూరు నుంచి ఎలక్ట్రీషియన్ని నా బండి మీద ఎక్కించుకుని తీసుకొచ్చాను. గోడకు బిగించగానే అత్తగారు దానికి పసుపు పూసి, కుంకుమ బొట్టు పెట్టి, టెంకాయ కొట్టారు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వచ్చి పంపు కింద చేతులు పెట్టి చూసి వెళ్ళారు. "మా అల్లుడు పెట్టిచ్చినాడు" అని ఆవిడ వాకిట్లో చెబుతుంటే నేను లోపల కుర్చీలో కూర్చుని విననట్టు పేపరు చదువుకున్నాను.

తర్వాత హేచరీకి జబ్బు తగిలింది. తొట్లకు తొట్లే పిల్లలు తెల్లారేసరికి చచ్చి తేలేవి. రైతులు రావడం మానేశారు. యజమానులు ఒక రోజు గేటుకు తాళం వేశారు. క్వార్టరు ఖాళీ చేయాల్సి వచ్చింది. మాకు పిల్లల్లేరు. నా భార్యకు వాళ్ళ ఊళ్ళోనే అంగన్‌వాడీలో పని దొరికింది. మామగారు పోయి చాలా కాలమైంది. అత్తగారు రెండు గేదెల్ని చూసుకుంటూ, పొలం కౌలుకిచ్చి, ఒక్కరే గట్టిగా బతుకుతున్నారు. "ఇల్లుండాది గదా, రండి" అన్నారు. వెళ్ళాం. పెళ్ళయిన కొత్తలో ఇల్లరికం వెళ్ళేవాణ్ణి చూసి నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను. తల నెరిశాక ట్రంకుపెట్టెతో ఆటో దిగి ఆ గడప ఎక్కాను.

గీజరు సంగతి బయటపడ్డాక నా భార్య, "గూడూరులో ఎవర్నన్నా పిలిపిద్దాం" అంది.

"ఎందుకు? ఇన్నేళ్ళూ నేను చేసిన పనేంది? నీళ్ళు కాచే పనే గదా" అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది. ఆమె అంగన్‌వాడీకి వెళ్ళిపోయింది.

స్నానాలగదిలో పీట వేసుకుని కూర్చున్నాను. దీపం వెలగడం, ఆరడం చూస్తూ ఉండిపోయాను. ముందు వోల్టేజీ అనుకున్నాను. ఆ కాలంలో నారుమళ్ళకు మోటార్లన్నీ ఒక్కసారే ఆడతాయి, ఊళ్ళో కరెంటు నీరసపడుతుంది. కానీ దీపం ఆరిన ప్రతిసారీ గదిలోకి వచ్చి ఫ్యాను చూస్తే అది ఎప్పటిలాగే తిరుగుతోంది. వోల్టేజీ కాదు. మెయిన్ ఆపి స్విచ్చి బోర్డు విప్పాను. తీగ ఎక్కడైనా వదులైతే నల్లగా కాలిన మచ్చ ఉండాలి. లేదు. అయినా స్క్రూలన్నీ మళ్ళీ బిగించి, మెయిన్ వేసి చూశాను. వెలిగింది. ఆరింది.

ఇంక మిగిలింది థర్మోస్టాట్. నీళ్ళు కాగాక కరెంటు ఆపి, చల్లారాక మళ్ళీ ఇచ్చే సన్నటి కడ్డీ అది. అది పాడైతే కాగకముందే కాగాయనుకుని ఆపేస్తుంది. ఇదే తప్పు అని నమ్మకంగా అనుకున్నాను. అత్తగారు గేదెలకు గడ్డి వేస్తూ నా వైపు చూస్తుంటే, కాస్త పెద్దగానే, "దొరికింది. చిన్న వస్తువే. తెచ్చి వేస్తే అయిపోతుంది" అన్నాను.

బస్సెక్కి గూడూరు వెళ్ళాను. ఎలక్ట్రికల్ కొట్లో థర్మోస్టాట్ చేతిలో పట్టుకుని చూస్తుంటే వెనక నుంచి, "మేనేజరు గారూ! ఈడుండారేంది?" అన్న మాట వినబడింది. చిల్లకూరు రైతు. ఆయన రొయ్యల చెరువులకు పిల్లలు మా దగ్గర్నుంచే వెళ్ళేవి. హేచరీ ఆఖరి రోజుల్లో మేమిచ్చిన పిల్లలతో ఆయన పంట తుడిచిపెట్టుకుపోయిందని కూడా విన్నాను. ఆయన మాత్రం నా భుజం మీద చెయ్యి వేసి, "యాడ చేస్తా ఉండారిప్పుడు? వేరే హేచరీనా?" అని అడిగాడు.

"అవునండీ, కొత్తది" అన్నాను. ఆ మాట ఎక్కడ్నుంచి వచ్చిందో నాకు తెలియదు. ఆయన చూపు నా చేతి మీదికి పోయింది. "బాయిలరుకు సామాను కోసం వచ్చినాను" అని కూడా అన్నాను.

అంతకుముందే కొట్టతను నన్ను ఎన్ని లీటర్ల గీజరని అడిగి, చెప్పించుకుని, ఆ కడ్డీ తీసి ఇచ్చాడు. ఇప్పుడతను తల వంచుకుని కౌంటరు మీద ఏదో తుడవడం మొదలుపెట్టాడు. రైతు నా చేతిలో ఉన్న పెన్సిలంత వస్తువును ఇంకోసారి చూసి, "మంచిది, మంచిది. బాగుండాల" అని వెళ్ళిపోయాడు. తిరుగుబస్సులో కిటికీ పక్కన కూర్చుని ఊరొచ్చేదాకా ఆ సంభాషణనే తిరగేసుకున్నాను. ఒక్కో బస్టాపుకు ఒక్కో మంచి జవాబు తోచింది. ఇంట్లో ఉంటున్నానని చెప్పి ఉండొచ్చు. విశ్రాంతిగా ఉన్నానని చెప్పి ఉండొచ్చు. గీజరుకని చెప్పినా ఆయన ఏమీ అనుకునేవాడు కాదు.

కొత్త థర్మోస్టాట్ వేశాను. అత్తగారూ, సాయంత్రం వచ్చిన నా భార్యా గుమ్మం దగ్గర నిలబడ్డారు. స్విచ్చి వేశాను. దీపం వెలిగింది. ఆరింది. పాతదానికంటే ఇదే ముందు ఆరింది.

"పోనీలే, రేపు చూసుకోవచ్చు" అంది నా భార్య. అత్తగారు దొడ్లోకి వెళ్ళి కాగులో నీళ్ళు నింపడం మొదలుపెట్టారు. బిందె అంచు కాగుకు తగిలిన చప్పుడు వింటూ ఆ స్నానాలగదిలోంచి బయటికి రాలేకపోయాను.

మరునాడు ఇద్దరూ పనుల్లో ఉండగా గీజరును గోడ మీంచి దించాను. ముందే దించాల్సింది. కింద నీళ్ళు వదిలే దారి తెరిస్తే చుక్క రాలేదు. పుల్ల పెట్టి పొడిస్తే తెల్లటి బురద కాస్త జారి, మళ్ళీ మూసుకుపోయింది. అడుగు నట్లు విప్పి, నీళ్ళు కాచే చుట్టను బయటికి లాగాను. రాదే. అటూ ఇటూ ఊపి, రెండు కాళ్ళు గోడకు తన్నిపెట్టి లాగితే ఒక్కసారిగా ఊడొచ్చింది. దాంతోపాటు లోపలి నీళ్ళు, సున్నపు పెళ్ళలు, ముక్కలు, ఇసక స్నానాలగది నిండా జారిపడ్డాయి.

చుట్ట అసలు కనబడటం లేదు. ఏళ్ళ తరబడి సముద్రంలో నానిన లంగరులా ఉంది. ఆ ఊరి బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. ఆ నీళ్ళలోని సున్నమంతా కాగినప్పుడల్లా చుట్టకు పట్టి, గార మీద గార కట్టి, పక్కనే ఉన్న, థర్మోస్టాట్ కడ్డీ దూర్చే గొట్టాన్ని కూడా కలిపేసుకుంది. చుట్ట వేడెక్కితే ఆ వేడి నీళ్ళకు చేరడం లేదు. గార లోపలే తిరిగి థర్మోస్టాట్‌కు తగులుతోంది. అది నీళ్ళు కాగాయనుకుని కరెంటు ఆపుతోంది. గార చల్లారగానే మళ్ళీ ఇస్తోంది. నీళ్ళు మాత్రం అలాగే చల్లగా ఉన్నాయి.

చూడగానే అర్థమైంది. అర్థం కాకుండా ఉంటే బాగుండేదనిపించింది. హేచరీలో హీటర్లను మేం ఎప్పటికప్పుడు బయటికి తీసి, గార కరిగించి, కడిగి వేసేవాళ్ళం. అది నా చేతి పనే. అత్తగారింటికి ఒక వస్తువు ఇచ్చి, వీధి వీధంతా చూపించుకుని, మళ్ళీ దాని మొహం చూడలేదు. పండక్కి వచ్చినప్పుడల్లా దాని కిందే స్నానం చేసి వెళ్ళాను.

నేలంతా ఆ సున్నంతో నిండి ఉండగా అత్తగారు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. నేను తలెత్తలేదు.

"దీనికి పులుపు కావాలి. పులుపులో నానబెడితే కరుగుతుంది" అన్నాను, నాకు నేను చెప్పుకున్నట్టు.

ఆవిడ బయటికి వెళ్ళారు. కాసేపటికి తలమీద గంపతో తిరిగొచ్చారు. పక్కవాళ్ళ తోటలో రాలిపోయిన నిమ్మకాయలు, మార్కెట్టుకు పనికిరాని మచ్చకాయలు గంపెడు. దొడ్లో చాప వేసి, కత్తిపీట ముందేసుకుని, "నేను కోస్తా, మీరు పిండండి" అన్నారు. అడ్డంగా ఎవరినీ పెట్టుకోకుండా ఆవిడ నాతో అన్న మాట.

ప్లాస్టిక్ టబ్బులో రసం పిండుతూ కూర్చున్నాం. చుట్టను అందులో ముంచితే సన్నగా బుస్సుమంటూ నురగ లేచింది. ఆవిడ ఒంగి దాన్ని చూశారు. చేతుల మీద నెరియలకు నిమ్మరసం తగిలి మండుతున్నట్టుంది, కొంగుతో తుడుచుకుంటున్నారు.

"ఎప్పట్నుంచి పాడైంది అత్తా?" అని అడిగాను.

"మీరు రాకముందే."

"చెప్పొచ్చు గదా."

ఆవిడ ఇంకో కాయ కోసి, రెండు చెక్కలూ నా వైపు తోశారు. "ఎట్ట చెప్పేది? హేచరీ మూసేసినారని మీరు ఫోను చేసినారు. ఆ పొద్దు మీ గొంతు నేను వినుండా. అట్టాంటప్పుడు మీరు పెట్టిచ్చిన గీజరు చెడిపోయిందని చెప్పేదానికి నాకు నోరు రాలా. ఈ వీధిలో ఎవురికీ చెప్పలా."

"నాకోసం రోజూ నీళ్ళు మోసినారు."

"నాకోసమూ కాచుకుంటా గదా. ఇంకో దబర ఎక్కువ. అంతే గదా" అన్నారు.

నేను పిండుతున్న చెక్కను అలాగే పట్టుకున్నాను. గట్టిగా తిట్టి ఉంటే తట్టుకునేవాణ్ణి. ఈవిడ నా పరువును నాకు తెలియకుండా ఇన్నాళ్ళూ దబరలో మోసిందని తెలిశాక తట్టుకోలేకపోయాను. కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. ఆవిడ చూసి, "రసం కంట్లో పడిందేమో, కడుక్కోండి" అని చెంబు అందించారు. వెళ్ళి కడుక్కుని వచ్చాను.

మరుసటి రోజు మధ్యాహ్నానికి గార చాలామటుకు మెత్తబడింది. మిగిలినదాన్ని చెక్కపుల్లతో గీకాను. గీజరు లోపలి సున్నాన్ని నీళ్ళు పోసి, ఊపి, వంచి ఖాళీ చేశాను. అడుగున బిగించే రబ్బరు వాచరు చీలిపోయింది. కొత్తది కావాలి. మళ్ళీ ఆ కొట్టుకు వెళ్ళే ధైర్యం నాకు లేదు. ఆ సంగతి చెప్పకపోయినా నా భార్యకు ఏదో తెలిసినట్టుంది. మీటింగు కోసం గూడూరు వెళుతూ పాత వాచరు కాగితంలో చుట్టుకుని వెళ్ళింది, కొత్తది తెచ్చింది. మీరే ఎందుకు వెళ్ళలేదని అడగలేదు.

గోడకెక్కించి, నీళ్ళు నింపి, ఎక్కడా కారడం లేదని చూసుకుని స్విచ్చి వేశాను. దీపం వెలిగింది. వెలుగుతూనే ఉంది. మేం ముగ్గురం మళ్ళీ తలెత్తి నిలబడ్డాం. ఆరదేమోనని ఇప్పుడు భయం. చివరికి ఆరింది. ఆరాక మళ్ళీ వెలగలేదు. పంపు తిప్పితే పొగలు కక్కుతూ నీళ్ళొచ్చాయి.

"అబ్బ! కాలతా ఉండాయి మే" అని అత్తగారు చెయ్యి వెనక్కి లాక్కున్నారు. చిన్నపిల్లలా నవ్వారు. ఇంతకాలానికి ఆ ఇంట్లో నేను చేసిన పని ఒకటి ఉంది అనుకున్నాను. ఆ సంతోషం సాయంత్రం దాకా ఉంది.

సాయంత్రం వాకిట్లో ఆవిడ మాట వినబడింది. "మా అల్లుడే విప్పి బాగుచేసినాడు. గూడూరు నుంచి ఎవురూ రాలా." పాలకోసం వచ్చిన ఆవిడ, "మాదీ అట్టే వెలిగి ఆరతా ఉండాది. కాస్త చూడమని చెప్పవా" అంది.

అత్తగారు టక్కున ఆగిపోయారు. అల్లుడంటే ఆ ఊళ్ళో వాకిట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టే మనిషి. ఇంటింటికీ పానా పట్టుకుని తిరిగే మనిషి కాదు. "ఆయనకి తీరుబడి ఉండదులే మే" అన్నారు. నాకున్నదల్లా తీరుబడేనని ఆ వీధిలో అందరికీ తెలుసు. లోపల కూర్చుని ఇదంతా విన్నాను.

నా భార్య నా పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. "వెళ్ళాలనుంటే వెళ్ళండి. లేకపోతే లేదు. అమ్మ అనేదాని కోసం కాదు, ఊరు అనేదాని కోసం కాదు" అంది.

వెళ్ళాను. పానాలు బ్యాగులో వేసుకుంటే పనికని తెలిసిపోతుందని గుడ్డసంచిలో పెట్టి, సంచి మీద తువ్వాలు కప్పి వెళ్ళాను. వీధిలోంచి కాక కాలవగట్టు మీంచి వెళ్ళాను. ఆ ఇంట్లోవాళ్ళు నన్ను చూసి గబగబా కుర్చీ వేశారు. కూర్చోమంటారు, నేను నిచ్చెన అడుగుతాను. కాఫీ తెచ్చి అల్లుడిగారికన్నట్టు వంగి ఇస్తారు, నా చేతులు సున్నంతో నిండి ఉంటాయి. వాళ్ళకూ ఇబ్బందే, నాకూ ఇబ్బందే. ఊరంతా అదే ఉప్పునీళ్ళు కాబట్టి అక్కడా అదే గార. ఆ తర్వాత ఇంకో ఇల్లు, ఇంకో ఇల్లు.

కొన్నాళ్ళకు ఒక ఫోను వచ్చింది. చిల్లకూరులో హైవే పక్కన ఇల్లు, గీజరు ఊరికే వెలిగి ఆరుతోంది, రాగలరా అని ఒక ఆడగొంతు. గుర్తులు చెప్పింది. వెళ్ళాను. తలుపు తీసింది ఆ రైతు.

గుడ్డసంచి చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయాను. వెనక్కి తిరిగిపోతే ఎలా ఉంటుందని ఒక్క క్షణం అనిపించింది. ఆయన మాత్రం, "రండి మేనేజరు గారూ. లోపలికి రండి" అన్నాడు. ఆ పిలుపు అప్పుడు సంచికంటే బరువైంది.

తల వంచుకుని నేరుగా స్నానాలగదికి వెళ్ళాను. దీపాన్ని చూశాను. ఆయన భార్య పక్కనుంటే, "గార కట్టింది. విప్పి కడగాలి" అని గట్టిగా చెప్పాను. విప్పాను. చుట్ట కొత్తదానిలా మెరుస్తోంది. వాళ్ళింట్లో నీళ్ళు శుద్ధిచేసే యంత్రం ఉందట. నేను అడగనే లేదు. విప్పినదాన్ని నోరెత్తకుండా మళ్ళీ బిగించాను. రైతు తలుపుకు ఆనుకుని చూస్తున్నాడు.

కాసేపు ఏమీ తోచలేదు. తర్వాత దీపాన్ని సరిగ్గా గమనించాను. మా ఇంట్లోలా వెంటనే ఆరడం లేదు. చాలాసేపు వెలిగి ఆరుతోంది. నీళ్ళు కూడా బాగానే కాగి ఉన్నాయి. అంటే గీజరు మంచిదే. కాగిన నీళ్ళు ఎటో పోతున్నాయి. గోడ వెంట పోయే పైపుల మీద అరచెయ్యి వెనకవైపు ఆనించుకుంటూ నడిచాను. ఎవరూ పంపు తిప్పని ఒక పైపు వెచ్చగా ఉంది. దాని వెంట వంటింట్లోకి, వంటింట్లోంచి బయటికి వెళ్ళాను. దొడ్లో అంట్లు తోమే చోట పంపు పూర్తిగా మూసుకోవడం లేదు. దారమంత నీళ్ళు గోడ వెంట జారి నేరుగా మురుగులోకి పోతున్నాయి. ముట్టుకుంటే వేడిగా ఉన్నాయి. వాచరు మార్చాను. అంతే.

చేతులు కడుక్కుంటుంటే రైతు తువ్వాలు ఇచ్చాడు. ఇంక చెప్పక తప్పదనిపించింది.

"ఆ పొద్దు కొట్లో మీకు చెప్పింది నిజం కాదండీ. కొత్త హేచరీ లేదు, ఏమీ లేదు. అత్తగారింట్లో ఉంటున్నాను. ఆ కడ్డీ వాళ్ళ గీజరుకే."

"తెలుసు" అన్నాడాయన.

"ఎట్ట?"

"హేచరీ బాయిలరుకు అంత కడ్డీ వేస్తారా? నేను మీ తొట్ల దగ్గర ఎన్ని తూర్లు నిలబడుంటా! మీ వాచ్‌మన్ గూడా చెప్పినాడు, మీరు అత్తగారి ఊరికి పోయినారని. గీజర్లు చూసేది మీరేనని తెలిసే మా ఆడమనిషితో ఫోను చేయించినా. నేను చేస్తే మీరు రారేమోనని."

నేను తువ్వాలు తిరిగి ఇచ్చాను. ఆయన దొడ్డిగోడ అవతలికి చూస్తూ, "చెరువులు వేరేవాళ్ళకి ఇచ్చేసినా" అన్నాడు. "మా బావమరిది లారీలు హైవే మీద తిరగతాయి. వాటి లెక్కలు చూస్తా ఉండా. యాడికన్నా పోతే రొయ్యల రైతునే అని చెప్తా ఉండా, మీ మాదిరే."

మీ పంట పోయింది మేమిచ్చిన పిల్లల వల్లేనని ఆయనకు చెప్పాలనుకున్నాను. ఆయనకు తెలియనిది కాదు. నేను నోరు తెరవబోతుంటే ఆయనే, "మజ్జిగ తాగి పోదురు గానీ" అని లోపలికి కేకేశాడు. ఇద్దరం దొడ్లో నిలబడే మజ్జిగ తాగాం. ఏమీ పాడవని గీజరును విప్పి బిగించినందుకు నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు. బస్సు వచ్చేదాకా రోడ్డు మీద నా పక్కన నిలబడ్డాడు.

ఇంటికొచ్చి ఇదంతా నా భార్యకు చెప్పాను. అబద్ధం సంగతీ చెప్పాను. ఆమె విని, "ఆయన మంచోడు కాబట్టి సరిపోయింది" అంది. మళ్ళీ తనే, "నాకు మాత్రం ఆ రోజే చెప్పుండాల్సింది" అంది. అది నిజమే.

ఇప్పటికి చాలా ఇళ్ళు తిరిగాను. గుడ్డసంచి పోయి మంచి బ్యాగు వచ్చింది. ఎక్కడికి వెళ్ళినా ముందు దీపాన్ని చూస్తాను, నీళ్ళు ఎలాంటివని అడుగుతాను, పంపులన్నీ చూస్తాను, ఆ తర్వాతే విప్పుతాను. సిగ్గు మాత్రం పూర్తిగా పోలేదు. ఊళ్ళో ఎవరైనా ఎదురొస్తే బ్యాగును ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటాను.

మొన్న సంగంలో మావాళ్ళ పెళ్ళికి వెళ్ళాం. భోజనాల బంతిలో పక్కన కూర్చున్న దూరపు చుట్టం ఒకాయన, "ఇప్పుడేం చేస్తా ఉండావబ్బయా?" అని అడిగాడు. నేను అన్నం కలుపుతూ మాట వెతుక్కుంటున్నాను. ఈలోగా అటుపక్క నుంచి నా భార్య, "గీజర్లు బాగుచేస్తా ఉండారు పెదనాయనా" అంది. అని, వడ్డించేవాణ్ణి పిలిచి ఇంకాస్త పప్పు వేయించుకుంది.

ఆయన "ఓహో" అన్నాడు. చారు వచ్చిందా అని అటు తిరిగాడు. నా చెవులు వేడెక్కాయి. ఆకు వంక చూస్తూ తిన్నాను. పెరుగన్నం దాకా తల ఎత్తలేదు.